నా ఇంటర్వ్యూకి నేనే దొంగ

కాకి, నక్క కథ నేను రెండో తరగతిలోనే అభినయంతో సహా చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. అందులో కాకిని నేనేనని తెలియడానికి మాత్రం మరో పద్దెనిమిదేళ్లు పట్టింది, అదీ అమీర్‌పేట దాకా వస్తేగాని తెలియలేదు. ఇలాంటి కథలు పిల్లలకు చెప్పి వృథా చేస్తాం గానీ, నిజానికి ఉద్యోగంలేని పెద్దవాళ్లను కూర్చోబెట్టి చెప్పాలి.

సాఫ్ట్‌వేరు గాలి వీస్తున్న ఆ రోజుల్లో, కోచింగు సెంటర్లతో నిండిన మా వీధిలో జావా రానివాడు ఇడ్లీబండి ఆయనొక్కడే (ఆయనా మా మాటలు విని సగం నేర్చేశాడు). హాస్టలు గదిలో మేమిద్దరం. నా రూమ్మేట్ కరీంనగర్ వైపు వాడు. ప్రతిదానికీ ‘మస్తు’ అనేవాడు గనుక అతని పేరే మస్తు అయిపోయింది. ప్రోగ్రాములు రాయడంలో దిట్ట, ఇంగ్లీషులో నోరు తెరవమంటే చెమటలు. నా సంగతి తలకిందులు. నా ప్రోగ్రాము చూస్తే కంప్యూటరే మొహం తిప్పుకునేది గానీ, మాటలు మాత్రం గోదావరి వరద. దసరాలోపు ఉద్యోగం రాకపోతే వచ్చి మామయ్య ఎరువుల కొట్లో కూర్చోమని ఇంటి నుంచి కబురొచ్చింది.

పంజాగుట్టలోని ఒక కంపెనీ మా ఇద్దరినీ ఒకేరోజు ఫోన్ ఇంటర్వ్యూకి పిలిచింది. అతనికి పదింటికి, నాకు పదకొండింటికి. ముందురోజు సాయంత్రం మస్తు మిర్చిబజ్జీల పొట్లంతో వచ్చాడు.

“అన్నా, నువ్వు ఇంగ్లీష్ మాట్లాడితే రేడియో పెట్టినట్టే ఉంటదే.”

“ఊరుకోవయ్యా” అన్నాను, ఊరుకోకూడదని కోరుకుంటూ.

“ఒట్టన్నా. రేపు నా ఇంటర్వ్యూ సుత జర నువ్వే మాట్లాడు. నా నౌకరీ నీ నోట్లనే ఉన్నది.”

“పట్టుకుంటే?”

“ఫోన్ల మొఖం కనబడతదా? ఫికర్ చేయకు.”

ఒకరి ఇంటర్వ్యూ మరొకరివ్వడం మా వీధిలో కూర అరువిచ్చినంత మామూలు. పైగా మూడో బజ్జీకే నేను ఒప్పేసుకున్నాను.

మర్నాడు మేడమీద, సిగ్నలందే నీళ్లట్యాంకు పక్కన, పదింటికి నేను మస్తునయ్యాను. అతను కాగితం మీద జవాబులు రాసి చూపిస్తుంటే నేను రాగయుక్తంగా చదివాను (బుర్ర అతనిది, గొంతు నాది, కంపెనీ ఇద్దర్నీ కలిపి తీసుకుంటే ఏ గొడవా ఉండేది కాదు). పదకొండింటికి అదే ఫోను మోగింది. గదికంతటికీ ఫోనొక్కటే కాబట్టి ఇద్దరి రెజ్యూమెల్లోనూ ఒకటే నంబరు. అవతల పదింటికి ప్రశ్నలడిగిన పెద్దమనిషే. పదింటికి మస్తు పేరుతో చెప్పిన ఆసుపత్రి ప్రాజెక్టే నా పేరుతోనూ మొదలుపెట్టాను (అమీర్‌పేట అంతా కలిసి కాగితం మీద కట్టిన ఆసుపత్రి అది, ఒక్క రోగీ చేరలేదు). ఆయన కాసేపు విని తెలుగులోకి దిగారు.

“బాబూ, పదింటికి మాట్లాడింది కూడా నువ్వే కదూ?”

“కాదండి, అతను మా రూమ్మేటండి.”

“రూమ్మేటా? అయితే ఆ గొంతు అతనిదన్నమాట. చూడు, ఆ అబ్బాయి చక్కగా చెప్పాడు. నువ్వతన్ని అనుకరిస్తూ ఎవరికోసమో మాట్లాడుతున్నావు. దొడ్డిదారిన ఉద్యోగాలు రావని ఆ ఎవరికో చెప్పు.”

“అయ్యా, ఆ ఎవరో నేనేనండి.”

“అందరూ అలాగే అంటారు” అని పెట్టేశారు.

మస్తుని నేరుగా రమ్మన్నారు. అతను బోర్డు మీద ప్రోగ్రాము రాసి చూపేసరికి గొంతు సంగతి ఎవరికీ పట్టలేదట. దసరాకి నేను ఎరువుల కొట్లో కూర్చున్నాను. యూరియా బస్తాల మధ్య ఆలోచించడానికి బోలెడంత తీరిక. నక్క మోసం చేసిందని పిల్లలకు చెబుతాం. పెద్దయ్యాక తెలిసేదేమిటంటే, నక్క రాకముందే కాకి గొంతు సవరించుకుని కూర్చుంది. అడిగేవాళ్లు లేక ఆగింది, అంతే.

ఏడాది తర్వాత యూసుఫ్‌గూడలో అద్దెగది, ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం నాకూ దొరికాయి. ఒక ఆదివారం మస్తు ఫోను.

“అన్నా, రేపు క్లయింట్ కాల్ ఉన్నది. మా మేనేజర్ నన్నే మాట్లాడమంటుండు. నీ అసొంటి గొంతు హైదరాబాద్‌ల ఇంకోనికి లేదన్నా. జర నా బదులు...”

నేను ఆపలేదు. నా ఉచ్చారణను మెచ్చుకున్నాడు, నేను ఆగే చోట్లను మెచ్చుకున్నాడు, నా నవ్వును కూడా. “ఇంకా?” అన్నాను. ఇంకో నాలుగు చెప్పాడు. అతని దగ్గర ఉన్నవన్నీ అయిపోయాయని నమ్మకం కుదిరాక, “రేపు నాకు కుదరదు తమ్ముడూ” అని ఫోను పెట్టేశాను.

పొగడ్త మొత్తం పావుగంట నడిచింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు అందులోంచి ఒకటో రెండో తీసి చూసుకుంటుంటాను.