కెరెన్ సాక్ష్యంలో బాబురావు పేరు

సాక్ష్యం చెప్పడానికి లేచిన కెరెన్, దేవుడి తర్వాత బాబురావుకే కృతజ్ఞతలు చెప్పింది.

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో ఓ స్కూలు హాలు అద్దెకు తీసుకుని ఆదివారాలు ఆరాధన జరుపుకునే తెలుగువాళ్ళు వాళ్ళు. సగం మంది ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళే. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, ఆ వారంలో తమకు జరిగిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. నర్సు కెరెన్ డ్యూటీకి వెళ్తుంటే, ఫ్లైఓవర్ దిగేచోట బ్రేకు పెడల్ ఒక్కసారిగా అడుగుదాకా దిగిపోయిందట. హ్యాండ్‌బ్రేక్ లాగితే కారు డివైడర్‌ను రాసుకుంటూ పోయి ఆగిందట.

"నా ఒంటిమీద గీత కూడా పడలేదండి. దేవుడు కాపాడాడు. మన బాబురావన్నయ్య కొత్త షాకబ్జర్లు వేసి బండిని గట్టిగా చేశాడు కాబట్టే అది పల్టీ కొట్టలేదు. అన్నయ్యకీ వందనాలు."

అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరసలో కూర్చున్న బాబురావూ అన్నాడు.

అతనిది పాలకొల్లు దగ్గర పల్లె. ఆస్పత్రిలో మంచాలు, వీల్‌చైర్లు బాగుచేసే ఉద్యోగం. కార్ల పని వీడియోలు చూసి నేర్చుకున్నాడు. స్పీడ్ బ్రేకర్లకు కారు అడుగు తగులుతోందని సంఘంలో ఎవరైనా అంటే చాలు, శనివారం వాళ్ళ పార్కింగ్‌లోనే జాకీ ఎక్కించి, బజార్లో దొరికే ఎత్తు స్ప్రింగులూ షాకబ్జర్లూ బిగించేవాడు. కూలి పుచ్చుకునేవాడు కాదు. మెకానిక్ గారూ అని పిలిస్తే మాత్రం వద్దనేవాడు కాదు.

కారుతో వచ్చే షాకబ్జర్‌కు బ్రేకు పైపును పట్టి ఉంచే చిన్న బ్రాకెట్టు ఉంటుంది. చక్రం పక్కకు తిరిగినప్పుడు పైపు టైరు వైపు వాలకుండా ఆపేది అదే. బజార్లో కొన్నవాటికి అది లేదు. కెరెన్ బండికి బాబురావు దాని బదులు వైర్లు కట్టే ప్లాస్టిక్ టైతో పైపును కట్టేశాడు. చక్రం జాకీ మీద వేలాడుతుండగా చూస్తే అంతా బాగానే ఉంది. కిందికి దించాక స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, పైపు ఎక్కడైనా తగులుతోందేమో చూడాలని అతనికి తెలుసు. అప్పటికి కెరెన్ వాళ్ళ వంటింట్లోంచి బిర్యానీ వాసన వస్తోంది. చేతులు కడుక్కున్నాడు.

హాల్లో పక్కనే కూర్చున్న కెరెన్ భర్త సైమన్, బాబురావు చెవి దగ్గరికి వంగాడు. "పైపు అరిగి చిల్లుపడిందన్నాడన్నయ్యా వర్క్‌షాప్ వాడు. పాతదైపోయింది కదా."

"ఎటు పక్క అరిగింది?"

"టైరు పక్క."

బాబురావు బైబిలు తెరిచి తల దించుకున్నాడు. కెరెన్ బండికి ఎలాగూ కొత్త పైపు పడింది, ఇక చెప్పి ఎవరికి లాభం అని ప్రసంగం పొడుగునా తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

బయటికి వచ్చేసరికి సంఘంలోని సరళకుమారి తన కారు డిక్కీలో టిఫిన్ క్యారియర్లు సర్దుతోంది. పిల్లల్ని తీసుకుని అటునుంచటే ఆగ్రా ప్రయాణం. ఆ కారుకూ బాబురావు బిగించిన షాకబ్జర్లే, పైపు కట్టిందీ అదే రకం టైతో.

"సరళా, ఇంకో వారం వెళ్ళకూడదా? ఎండ మండిపోతోంది."

"ఏసీ ఉందిగా అన్నయ్యా. పొద్దుట్నుంచి పిల్లలు నా ప్రాణం తీస్తున్నారు."

"టైర్లో గాలి తగ్గినట్టుంది."

"నిన్ననే కొట్టించాం." ఆమె నవ్వింది. "ఏం, నీకూ రావాలనుందా? ఎక్కు, ముందు సీటు నీదే. మెకానిక్ తోడుంటే మాకూ ధైర్యం."

ఆమె కూర్చుని స్టార్ట్ చేసింది. బాబురావు కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పి ఆపేశాడు.

"కెరెన్ బండి పైపు పాతదై చిల్లుపడలేదమ్మా. నేను సరిగ్గా కట్టలేదు. నీ బండికీ అలాగే కట్టాను."

టీ తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. బాబురావు ఆమె చేత స్టీరింగ్‌ను కుడికి చివరిదాకా తిప్పించి, ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద మోకరిల్లి చూశాడు. టై తెగలేదు కానీ కిందికి జారింది. పైపు టైరుకు ఆనుకుని ఉంది. ఆనినచోట రబ్బరు నున్నగా మెరుస్తోంది.

లేచేసరికి కెరెన్ ఎదురుగా ఉంది.

"లోపల నేను నీ పేరు చెప్తున్నప్పుడు తెలుసా అన్నయ్యా నీకు?"

"అప్పుడు అనుమానమే. సైమన్ చెప్పాక తెలిసింది."

"తెలిసీ ప్రసంగం అయ్యేదాకా కూర్చున్నావా?"

"కూర్చున్నానమ్మా."

కెరెన్ వెళ్ళి డిక్కీ తెరిచి క్యారియర్లు దించడంలో సరళకుమారికి సాయం పట్టింది. కారు దిగిన పిల్లవాడు "ఆగ్రా నహీ జా రహే?" అంటూ ఆగ్రా వెళ్ళడం లేదా అని హిందీలో అడిగితే, సరళకుమారి వాడి చేతికి ఓ క్యారియర్ అందించింది.

బాబురావు అదే తీరున కట్టిన కార్లు ఇంకా మూడు తిరుగుతున్నాయి. అతను గోడవారగా నిలబడి ముగ్గురికీ ఫోన్ చేశాడు. ఇద్దరు ఎత్తారు; బండి తీయొద్దని వాళ్ళకు చెప్పి, మూడో నంబరు మళ్ళీ నొక్కాడు.