అత్తయ్య నేర్చుకున్న డైలాగు

మా ఆడపడుచుకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. బెజవాడలో బధిరుల స్కూల్లో చేరి, హాస్టల్లో ఉండి చదువుకుంది. ఇప్పుడు అక్కడే ఫ్లెక్సీలు డిజైన్ చేసే షాపులో ఉద్యోగం. నేను కోడలిగా వచ్చిన కొత్తలో, సెలవు దొరికి ఇంటికొచ్చినప్పుడల్లా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సైన్ లాంగ్వేజ్ నేర్పింది. ఇంట్లో ఆ భాష వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అత్తయ్యకి కూతురితో మాట్లాడటానికి తిను, రా, పడుకో లాంటి కాసిని సైగలే ఉండేవి. మిగతాదంతా చూపులతోనూ, తల నిమరడంతోనూ గడిచిపోయేది.

పోయిన వేసవిలో, మామిడి రసాల కోత జోరుగా సాగుతున్నప్పుడు, మా ఆడపడుచు ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని దిగింది. వాళ్లకీ వినపడదు. ఒకతను కెమెరా తిప్పుతాడు, ఒకమ్మాయి నటిస్తుంది. విస్సన్నపేట దగ్గర మా తోటలో షార్ట్ ఫిల్మ్ తీస్తామన్నారు. కథ రాసిందీ, డైరెక్ట్ చేసేదీ మా ఆడపడుచే. వినపడని కూతురు సెలవులకి హాస్టల్ నుంచి వస్తుంది. తల్లీ కూతురూ రోజంతా తోటలో కలిసి పని చేస్తారు గానీ మాట్లాడుకోలేరు. చివరికి తల్లి, తను రహస్యంగా నేర్చుకున్న మాట చేతులతో చెబుతుంది. అంతే కథ.

తల్లిగా నటించాల్సినావిడ జ్వరం వచ్చి రాలేదు. మా ఆడపడుచు వరండాలో బియ్యం ఏరుతున్న వాళ్లమ్మని కాసేపు పరీక్షగా చూసి, నాకు సైగ చేసింది.

“ఏమంటుందే అది?” అంది అత్తయ్య.

“మిమ్మల్ని తల్లి వేషం వెయ్యమంటుంది అత్తయ్యా.”

“నేనా! నా మొహానికి యాక్టింగొకటా? ఆ చేతుల భాష నాకేం వచ్చని?”

ఆ మాట నేను చేతులతో చెప్పాను. మా ఆడపడుచు నవ్వింది. “సినిమాలో అమ్మకి కూడా రాదు. నేర్చుకుంటుంది,” అంది.

అత్తయ్య చెప్పాల్సిన డైలాగు చిన్నదే. “నువ్వొచ్చావు. ఇల్లు నిండింది.” దానికే ఆవిడకి చెమటలు పట్టాయి. చేతులు సరిగ్గా తిరిగితే మొహం కదలదు. మొహం కదిలితే చేతులు ఆగిపోతాయి. పైగా చేతులు ఆడిస్తూనే వీధి చివరిదాకా వినపడేలా అరిచేది. మా ఆడపడుచు వాళ్లమ్మ పెదాల మీద వేలు పెట్టి నోరు మూయించేది. “మొహం నిద్రపోతోంది, లేపమను,” అని నాకు చెప్పేది. ఎంత అలసినా, తప్పు వస్తే మళ్లీ మొదటి నుంచీ చేయించేది. వాళ్లమ్మ కదా అని ఒక్కసారి కూడా వదిలిపెట్టలేదు. షాపులో కంప్యూటర్ ముందు తల వంచుకుని పని చేసుకునే పిల్లలో ఇంత పట్టుదల ఉందని నాకు అప్పుడే తెలిసింది.

అత్తయ్య కూడా తక్కువది కాదు. వంట చేస్తూ గరిటె పక్కన పెట్టి మరీ సాధన చేసేది. మధ్యమధ్యలో నన్ను అడిగేది. “అమ్మాయ్, స్కూలు అనాలంటే ఎట్టా? భయం అంటే?” ఏదో సరదా పడుతోందనుకుని చూపించాను.

షూటింగ్ రోజు కోతకొచ్చిన కూలీలంతా ఊపిరి బిగపట్టి నిలబడ్డారు. కాయలు కింద పెట్టడానికి కూడా భయపడ్డారు. వాళ్ల మేస్త్రీ నా దగ్గరికొచ్చి, “సైలెన్స్ అని మీరు అరవరేంటండీ?” అంది. మాటల్లేని సినిమా, ఎంత గోల చేసినా ఫర్వాలేదని చెప్తే ఒకటే నవ్వులు. పక్కన ట్రాక్టర్ స్టార్ట్ చేశారు. ఎవరో ఫోన్లో పాటలు పెట్టారు. ఆ గోల మధ్యే అత్తయ్య గడ్డి మీద పోసిన కాయల పక్కన నిలబడి, కూతురిగా వేసిన అమ్మాయికి డైలాగు చెప్పింది. చేతులూ మొహమూ ఒక్కటై కదిలాయి. మేస్త్రీ పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

అయితే అత్తయ్య ఆగలేదు. ఎదుటి అమ్మాయిని వదిలేసి కెమెరా పక్కన నిలబడ్డ సొంత కూతురి వైపు తిరిగింది. తడబడుతూ, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ అడిగింది. “నువ్వు చిన్నపిల్లవి. స్కూల్లో వదిలేసి వచ్చాను. భయపడ్డావా?”

మా ఆడపడుచు నెమ్మదిగా, వాళ్లమ్మకి అర్థమయ్యేలా చేతులు కదిపింది. అత్తయ్య నా వైపు చూసింది.

“నన్ను వాళ్లకి ఇచ్చేశారనుకున్నాను అంటుంది అత్తయ్యా. మళ్లీ మీరు వచ్చేదాకా అదే అనుకుందట.”

“గేటు దగ్గర చెప్పానే! పండక్కి వచ్చి తీసుకెళ్తానని చెప్పానే!” అని అత్తయ్య గట్టిగా అంది. అని, ఆ రోజు తను చెప్పింది నోటితోనని గుర్తొచ్చినట్టుంది, గడ్డి మీద కూలబడింది. మా ఆడపడుచు వచ్చి పక్కన కూర్చుని, వాళ్లమ్మ చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. కెమెరా అతను ఎప్పుడో కెమెరా దించేశాడు.

కాసేపటికి లేచి మొహం కడుక్కుని వచ్చింది డైరెక్టరు. “అమ్మ కెమెరా వైపు చూసింది. ఆ టేక్ పనికిరాదు. మళ్లీ చేద్దాం,” అని నాతో చెప్పించింది. అత్తయ్య కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. మళ్లీ చేసింది. అదే సినిమాలో ఉంది.

వర్షాకాలంలో వాళ్ల స్కూలు పాత విద్యార్థులు ఒక హాల్లో ఆ సినిమా వేశారు. అందరం వెళ్లాం. అయిపోగానే హాలంతా చేతులు పైకెత్తి గాల్లో ఊపారు, అదే వాళ్ల చప్పట్లు. మామయ్య ఒక్కరే అలవాటుగా చప్పట్లు కొట్టి, చుట్టూ చూసి, తనూ చేతులెత్తారు. అత్తయ్య చుట్టూ ఆడపిల్లలు మూగి ఏవేవో అడుగుతుంటే, నా సాయం లేకుండానే తనకొచ్చినంతలో జవాబులు చెప్పింది.

ఇప్పుడు అత్తయ్య రోజూ కూతురికి తనే వీడియో కాల్ చేస్తుంది. మొన్న ఫోన్ స్టాండుకి ఆనించి, రెండు చేతులతో తెగ వాదిస్తోంది. ఏమైందని అడిగితే, “నాకు చెప్పకుండా జుట్టు కత్తిరించుకుందే! పైగా నాకే ఎదురు చెప్తోంది,” అంది. ఎంత సంతోషంగా అందో.