భుజం మీది బిందె

మొన్న సోమవారం పొద్దుగాల మా పెద్దబాపు పోయిండు. మందమర్రి కాలనీల మా లైను లైనంతా సంతాపంగ ఊపిరి పీల్చుకున్నది. పోయినోళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటరు. రాత్రి నుంచి దేవులాడుతున్న. దొరికినకాడికి రాస్త, మన్నించుండ్రి.

ఆయన కుడికాలు మోకాలి కిందికి బొగ్గుబాయిల పోయింది. నా ఎడమకాలు కాలేజీకి పోతూ, రైలు తలుపు పట్టుకొని హీరో వేషాలేస్తుంటే పోయింది. దవాఖానకు సూడనొచ్చి, "కాలు పోయింది సరే, సోకు పోయిందారా?" అన్నడు. పండ్లు గూడ తేలే.

పెట్టుడుకాలు వచ్చినంక నా చంకకర్రలు తీస్కపోయి నీళ్లపొయ్యిల పెట్టిండు. ఆ వేణ్నీళ్లతోనే తానం చేసొచ్చి, "ఇగ నడువు" అన్నడు. గోడ పట్టుకుంటే చేతిమీద కొట్టేటోడు. పడితే లేపకుండ బీడీ అంటించుకొని సూసేటోడు.

"కొత్తకాలు మీద బరువేస్తలేవు. అది నీది కాదన్నట్టు సూస్తున్నవ్. అందుకే పడేస్తుంది" అనేటోడు.

నిజమే. నిజాన్ని అంత పగతోని చెప్పేటోణ్ని మాత్రం నేను మళ్ల సూడలే.

నడక జర కుదిరినంక బిందె తెచ్చిండు. నల్లా కాడ నిండ నింపి నా భుజం మీద పెడితే, ఆయన ఇంటిదాక మొయ్యాలె. తెగినకాడ కాలు ఒరుసుకపోయి మంట. నీళ్లు ఒలికి అంగి తడిస్తే లైనంత వినేటట్టు తిట్టు. ఓనాడు మర్లవడ్డ.

"మీ ఇంటి నీళ్లకు నన్ను వెట్టికి పెట్టుకున్నవా పెద్దబాపూ?"

ఆయన బీడీ పారేసిండు.

"మా అవ్వ సచ్చిననాడు మీ బాపు నిప్పు పట్టిండు. నన్ను పాడె పట్టనియ్యలే. కుంటోడు, పీనుగు దొర్లుతదన్నడు మీ చిన్నతాత. కన్నతల్లి ఎనుక ఉత్త చేతులతోని నడిచిన. నాకు కొడుకుల్లేరు. రేపు నన్ను నువ్వు మొయ్యాలె. గిట్లనే ఒలకపోస్తవా?"

ఆ తర్వాత నేను ఎదురు మాట్లాడలే. తిట్లు మాత్రం తగ్గలే.

మొన్న పాడె లేపుతుంటే చిన్నతాత అడ్డమొచ్చిండు.

"నువ్వు జరుగు పిల్లగా. కుంటినడక. పీనుగు దొర్లుతది."

ఇన్నేండ్లకు మనిషి ముసలోడైండు గని, మాట ముసలిది కాలే.

"దొర్లితే ఆయనే లేశి తిడ్తడు తాతా. మనకదే కావాలె గదా?" అన్న.

ఎవలు నవ్వలే. ముందట నిప్పుకుండ పట్టుకొని ఉన్న మా బాపు ఎనుకకు మర్రి, "వాణ్ని పట్టనియ్యి కాకా" అన్నడు. నాయనమ్మ పోయిననాడు ఇదే మనిషి, చేతిల ఇట్లనే నిప్పుకుండ, నోరు మెదపలే.

తొవ్వంత కంకర. అడుగడుగుకు కొత్తకాలు మీద బరువేసిన, నాదే అన్నట్టు. దింపుడుకల్లం కాడ పాడె దించి చెవిల పిలుస్తరు, పానమేమన్న మిగిలుంటే లేస్తడని. నేను గూడ మోకాలి మీద వంగి "పెద్దబాపూ" అన్న. ఒక్క తిట్టు కోసం ఆగిన. రాలే. ఎవల చెయ్యి పట్టుకోకుండ లేశి, మళ్ల భుజానికెత్తుకున్న.

వాగొడ్డున పాడె దించినంక, అలవాటు కొద్ది భుజం తడుముకున్న. అంగి పొడిగనే ఉన్నది.