మామకు నచ్చిన కిటికీ

ఫ్రెంచి రొట్టె పైపొర మనిషి దవడకు మంచిది కాదు. మార్సేల్సులో మొదటి ఫలహారానికే నా దవడ పట్టేసింది. ఆ దవడతోనే నేను ఫ్రెంచి మాట్లాడవలసి ఉంది.

నూలు యంత్రాలు చూడ్డానికి సీమకు బయలుదేరిన మా మేనమామ, కాలేజీలో ఫ్రెంచి చదివానని నన్ను వెంట తెచ్చుకున్నాడు. ఎంత చదివానో అడగలేదు. రాజపాళయంలో ఆయన కొత్త ఇల్లు సగం గోడల దగ్గర ఆగి ఉంది. వీధివైపు కిటికీ ఉండాలని అత్త పట్టు. ఆడవాళ్ళు కనపడతారని మావాళ్ళు అటు కిటికీ పెట్టరు. "నా కంటికి నచ్చింది దొరికితే పెడతా" అని మాటిచ్చిన మామ, దేశదేశాలు తిరుగుతూ ఏదీ నచ్చకుండా జాగ్రత్తపడుతున్నాడు.

యంత్రాలు చూడటం అయ్యాక, మార్సేల్సులో తిరుగు ఓడకు ఒక రోజు వ్యవధి. హోటలు గోడమీద మంచి కిటికీ ఉన్న ఒక పాత ఇంటి పటం చూసి, పొద్దున ఏడింటి బస్సులో మామను ఎక్కించాను. పక్కన కోళ్ళగంపతో కూర్చున్న రైతు, "ఆ ఇల్లా? పాత కట్టడమని, మేకు కొట్టాలన్నా సర్కారును అడగాలి" అన్నాడు, సర్కారుకు వేరే పని లేదన్నట్టు.

మధురలో నాయకరాజులు ఏలిన కాలంనాటి రాతి ఇల్లది. పై కిటికీలో, చెక్కిన రాతి తీగల నడుమ, ఇంటి ముసలావిడ మోచేతులాన్చి వీధినంతా పలకరిస్తోంది. మామ తలపాగా చూసి, "బో! బో!" అని చెయ్యి ఊపింది.

తమిళం వింటూ పెరిగిన చెవి ఆయనది, దానికి ప, బ ఒకటే. గిర్రున తిరిగాడు. "చూసినావా? ఇంత దూరం వస్తే పో పో అంటాది! పదరా బస్సుకు."

"పో కాదు మామా, బో. ఫ్రెంచిలో బాగుండాది అని. మీ తలపాగాను మెచ్చుకుంటాంది."

మామ ఆగాడు. "నిజమా? ఇన్నొకసారి అనమను."

ఆవిడ అంది. మామ మేడెక్కాడు.

కిటికీ లోతులో ఎదురెదురుగా రెండు రాతి అరుగులు. ఆవిడ ఒకటి చూపించింది. మామ కూర్చుని కిందికి చూశాడు: గొర్రెలు, ఒక సైకిలు, పోట్లాడుకుంటున్న దంపతులు. బస్సు హారను కొట్టినా లేవడే! "ఉండరా, ఆ మొగుడేమంటాడో చూడనీ."

చివరికి తుండుగుడ్డకు ముడులు వేసి కిటికీ కొలత తీసుకున్నాడు. రాయికి గోరు తగలకుండా ఆవిడ కాపలా కాసింది.

ఓడలోనూ, ధనుష్కోటి రైల్లోనూ ఆ తుండును ఎవరినీ ముట్టనివ్వలేదు. ఒళ్ళు తుడుచుకోవడానికి నాది వాడాడు. సీమంతా చూసి ఆయన సంతోషపడింది ఆ రాతి అరుగు మీదే అని నా అభిప్రాయం, యంత్రాలకు చెప్పకండి.

ఎదురు వచ్చిన అత్త, మేము రాజపాళయం రైలుకు మారిన విరుదునగరంలో మా రైలుపెట్టెలోనే ఎక్కింది. రైలు కదలగానే మామ తుండు పరిచాడు. "ఇంత ఎత్తు, ఇంత వెడల్పు. పొద్దున కాఫీ తీసుకొని ఆడ కూచొన్నానంటే, సాయంత్రం దాకా లేచే పనే లేదు నాకు!"

అత్త ముడులన్నీ తడిమి చూసింది.

"ఇది మీ కిటికీ. నాది యాడ?"