ఒబులేసన్న తొక్కి చూసిన దిబ్బ

ఈరోజు దూకుడు బల్లకు ప్లైవుడ్ దించడానికి కువైట్ ఎడారిలోని కబ్ద్ వెళ్లాను. మా ఒబులేసన్న డ్రైవరుగా చేసే ఇంటి కువైటీ అమ్మాయి, మంచు మీద చేసే ఫీటు అక్కడ ఇసుకలో నేర్చుకుంటోంది. గాల్లోకి ఎగిరి, కాళ్లకున్న బోర్డు అంచును చేత్తో పట్టుకోవాలట.

ఈరోజు ఆమె రోజూ దూకే చోటు కాదని, ఎవరూ తిరగని దిబ్బ చూపించి ప్లైవుడ్ అక్కడ దించమంది. ఇరాక్ యుద్ధంనాటి పేలని బాంబులు ఇసుకలో ఉంటాయని అన్న అడ్డుపడ్డాడు. "అవన్నీ ఎప్పుడో ఖలాస్" అని నవ్విందామె.

అన్న దిబ్బ దిగి, ఆమె దూకే చోటంతా అటూ ఇటూ నడవసాగాడు.

"పిచ్చా అన్నా నీకు?" అని అరిచాను.

"ఇరాకోళ్లు వచ్చినప్పుడు నేనీడనే ఉండాను. పాప దూకేదీడనే గదప్పా, ముందు నేను తొక్కి చూస్తాండా."

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. అన్నను వెనక్కి పిలిచి, బోర్డు విప్పుకుని పాత చోటికే నడిచింది.

నేనైతే వద్దని ఒక మాట చెప్పి, ప్లైవుడ్ దించేసి బండెక్కేవాణ్ణి. మీరైతే ఏం చేసేవారు?