గీత తప్పని రోజు

ఎనభైల చివర్లో ఒక చలికాలం, చిన్న విమానాలు నడపడం నేర్చుకోవడానికి బేగంపేటలో చేరాను. తర్వాత చాలా ఏళ్లు పెద్ద విమానాలు నడిపి రిటైరయ్యాను. అయినా సికింద్రాబాద్‌లో మా బాల్కనీ మీదుగా ఏ విమానం పోయినా, నాకు గుర్తొచ్చేది ఆ రెండు సీట్ల విమానంలో ఎదుర్కొన్న నావిగేషన్ పరీక్షే.

అప్పట్లో దారి చూపించే తెరలు లేవు. మ్యాపు మీద పెన్సిల్‌తో గీత గీసుకుని, గాలి ఎంత పక్కకు తోస్తుందో లెక్కకట్టి, దిక్సూచిలో ఆ అంకె పట్టుకుని పోవాలి. ముందు గడియారం చూడాలి, తర్వాత మ్యాపు, ఆ తర్వాతే నేల. నేలను ముందు చూస్తే కనిపించిన ప్రతి చెరువూ మనకు కావలసిన చెరువులాగే ఉంటుంది.

మా ఇన్‌స్ట్రక్టర్ శామ్యూల్ సార్‌ది మెట్టుగూడ. నేల మీద మెత్తని మనిషి. గాల్లోకి లేచాక మాత్రం ఆయన మాట నమ్మడానికి వీల్లేదు. దారిలో ఏదో చెరువు చూపించి, మన చెరువు వచ్చేసిందనేవారు. సరేనని తిప్పామా, పరీక్ష పోయినట్టే. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగమని చెప్పిందీ ఆయనే.

బ్యాచ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. తప్పు దొరకనివ్వకూడదని నాకు పంతం. ఆ రోజు కాజీపేట దాకా వెళ్లి తిరిగొస్తున్నాం. ఎక్కడా గీత దాటలేదు. మౌలాలి గుట్ట కనిపించాక సార్ తాపీగా అన్నారు.

“జెర ఎడమకు తిప్పమ్మా. మెట్టుగూడ మీదికెల్లి పోదాం. మా ఇల్లు కనిపిస్తది.”

నాకు లోపల నవ్వొచ్చింది. ఈసారి చెరువుకు బదులు సొంత ఇల్లు పెట్టారనుకున్నాను. “గీత మీదే పోతాను సార్” అన్నాను. పరీక్షలో ఉన్నవాళ్లను రెండోసారి అడగడం ఆయన పద్ధతి కాదు. దిగాక చేయి కలిపి, పాసయ్యావన్నారు.

మర్నాడు మిఠాయి డబ్బా తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. సార్ భార్య, ఆంటీ తలుపు తీశారు.

“నిన్న పగలంత డాబా మీదనే ఉన్న బిడ్డా. ఇదే ఆఖరి ఫ్లైట్, మనింటి మీదికెల్లి పోతమన్నరు సారు. మీ విమానం దూరంకెల్లే పాయె.”

సార్‌కు చూపు తగ్గిందట. మెడికల్ సర్టిఫికెట్ గడువు ముందురోజుతో అయిపోయింది, ఇక ఇవ్వరు. ఆ సంగతి మాకెవరికీ చెప్పలేదు. ఆయన టీ కప్పు మీంచి తల ఎత్తకుండానే, “గాలి పక్కకు తోసింది” అన్నారు ఆంటీతో. ముందురోజు ఆకు కూడా కదలలేదు. గాలి లెక్క కట్టింది నేనే. నిజం చెప్పకుండానే మిఠాయి డబ్బా ఆంటీ చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత నేను పరీక్షలు పెట్టే స్థాయికి వచ్చాక, ఏది పరీక్షో ఏది కాదో ముందే చెప్పేదాన్ని. గీత తప్పకపోవడం నావిగేషన్‌లో సగమే. అనుమానం వస్తే అడగడం మిగతా సగం. “సార్, ఇది కూడా పరీక్షేనా?” అని అడగడానికి క్షణం చాలు. అడిగి ఉంటే తిప్పేదాన్ని, మెట్టుగూడ అప్పటికింకా ముందుంది.