కూలర్‌లో జబ్బు, హెడ్డుకు కోత

జనగామలో ఒక మెకానిక్ నా జీపు ఇంజన్ పైభాగాన్ని, అంటే హెడ్డును, అవసరం లేకుండా విప్పాడు. జబ్బు, ఆయిల్‌ను నీళ్లతో చల్లార్చే ఆయిల్ కూలర్‌లో ఉంది. ఆ మాట నేను ముందే చెప్పాను. అయినా విప్పాడు. దొరికిపోయాక తప్పును నా మీదికి తోశాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నోరంతా చేదుగా ఉంది.

నాది మహబూబాబాద్ పక్క పల్లె. ఐదో తరగతితో బడి మానేశాను. డోర్నకల్ జంక్షన్‌లో పనిచేసే ఒక ఫిట్టర్ ఇచ్చిన పాత పుస్తకాలు ముందేసుకుని, బొమ్మలు చూస్తూ, తెలియని ఇంగ్లీషు మాటను దొరికినవాణ్ణల్లా అడుగుతూ ఇంజన్ పని నేర్చుకున్నాను. ఈ డీజిల్ జీపును ముప్పయ్యేళ్లుగా నేనే నడుపుతున్నాను. ఏటా మిరప ఏరే రోజుల్లో మా ఊరి తండా ఆడవాళ్లు పన్నెండు మందిని భూపాలపల్లి వైపు తీసుకుపోయేది నేనే. అక్కడే గుడిసెలు వేసుకుని, చేను అయిపోయేదాకా ఉండి వస్తారు. ఆ ఏడు అక్కడి రైతు గట్టిగా చెప్పాడు: శనివారానికి రాకపోతే వేరే కూలీల ముఠాను పిలుచుకుంటానని. శనివారం పొద్దున బండి తండా ముందుంటుందని ముఠా నడిపే ఆమెకు మాటిచ్చాను.

బుధవారం లింగాల ఘనపూర్‌లో చుట్టాలను దింపి వస్తుంటే ఇంజన్ వేడెక్కింది. నీడకు ఆపి, చల్లారనిచ్చి, రేడియేటర్ మూత తీశాను. నీళ్లుండాల్సిన చోట పాలు ఎక్కువైన చాయ్ రంగులో చిక్కటి జిగట. వేలు పెడితే అంటుకుని వదల్లేదు.

నీళ్లలో ఆయిల్ కలిసిందన్నది గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఎక్కడ కలిసిందన్నదే తెలుసుకోవాలి. ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి చూశాను. ఆయిల్ నల్లగా, శుభ్రంగా ఉంది, నీటి చుక్క లేదు. మళ్లీ ఇంజన్ స్టార్టు చేసి రేడియేటర్ నోట్లోకి చూశాను. బుడగలు లేవు. పైపులు గట్టిపడలేదు. వెనక తెల్ల పొగ లేదు. హెడ్డు కింద ఆయిల్‌నూ నీళ్లనూ కలవనివ్వని రేకు, గాస్కెట్, పోయి ఉంటే వీటిలో ఒక్కటైనా కనపడేది. ఇంజన్ తిరిగేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీళ్ల ఒత్తిడి కంటే చాలా ఎక్కువ. కూలర్ లోపల సన్నటి చిల్లు పడితే ఆయిల్ నీళ్లలోకి పోతుంది, నీళ్లు ఆయిల్‌లోకి రావు. నా బండిలో జరిగింది అదే.

నీళ్లు మార్చుకుంటూ మెల్లగా జనగామ షెడ్డుకు చేర్చాను. మెకానిక్ నడివయసువాడు. మూత తీసి ఒక్క చూపు చూశాడు.

"హెడ్డు పోయింది తాతా."

"పోలేదు బిడ్డా. పుల్ల చూడు, ఆయిల్ మంచిగున్నది. బుక్కుల చదివిన నేను. కూలర్ విప్పు."

"నువ్వు మెకానిక్‌వా, నేను మెకానిక్‌నా?" పక్కన బండి కోసం కూర్చున్నవాళ్లు నవ్వారు. మెకానిక్ వాళ్లవైపు తిరిగాడు. "గీ తాత బుక్కులు చదివిండట. ఇంజన్‌కు సూది మందేస్తడు గావచ్చు!"

"నవ్వుడు తర్వాత. ముందుగాల కూలర్ చూడు. శనివారం నాకు బండి గావాలె."

"చూస్త, చూస్త. శుక్రవారం రా."

చూస్తానన్న మాట నమ్మి, కాజీపేట మీదుగా రైల్లో ఇంటికి పోయాను. నేను చేసిన తప్పు అదొక్కటే. షెడ్డులోనే కూర్చోవలసింది.

శుక్రవారం పొద్దున వెళ్లేసరికి బండి సిద్ధంగా ఉంది. హెడ్డు విప్పి, గాస్కెట్ మార్చి, బిగించాడట. పాత గాస్కెట్‌ను నా చేతిలో పెట్టాడు, పంటి డాక్టరు పీకిన పన్ను చూపించినట్టు. తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా కాలలేదు, చీలలేదు.

"గిదెక్కడ పోయింది? చూపియ్యి."

"లోపల్లోపల పోతది తాతా. కంటికి కనవడదు."

బండి తీశాను. జఫర్‌గఢ్ దగ్గర ఆపి, చల్లారాక మూత తీశాను. కొత్తగా పోసిన నీళ్లు. మళ్లీ అదే చాయ్ రంగు, అదే జిగట. అసహ్యంతో రోడ్డు పక్కన ఉమ్మేసి జనగామకే తిరిగి వచ్చాను.

మెకానిక్ ఈసారి రేడియేటర్‌లోకి చూడను కూడా చూడలేదు. "అది ఆయిల్ కాదు. నీళ్లు కారుతున్నయని పసుపు పోసినవ్ గద? ముసలోళ్లందరు గదే చేస్తరు."

చేస్తారు, నిజమే. రేడియేటర్ కారితే దారిలో కిరాణా కొట్టు ముందు ఆపి గుప్పెడు పసుపు పోసుకోవడం ఇక్కడి డ్రైవర్లందరికీ అలవాటు. వయసులో నేనూ పోశాను, సగం రేడియేటర్ పూడుకుపోయి బుద్ధి తెచ్చుకున్నాను. ఆ తర్వాత పసుపు ముట్టలేదు. జేబులోంచి తంబాకులోకి వాడే సున్నం డబ్బా తీశాను. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పెళ్లిళ్లలో పారాణి అట్లాగే చేస్తారు. ఆ జిగటను అరచేతిలో వేసుకుని, సున్నం రాసి, వాడి ముక్కు కింద పెట్టాను.

"ఎర్రగయిందా?"

రంగు మారలేదు. మరికొంచెం తీసి పేపరు ముక్క మీద రాశాను. చుట్టూ మిర్చిబజ్జీ పొట్లం లాగా మరక పాకింది. మొన్న నవ్వినవాళ్లలో ఒకడు ఉన్నాడు. "ఆయిలే అన్నా," అన్నాడు మెల్లగా.

బోల్టులు విప్పే పానాలు అడిగి తీసుకుని కూలర్ నేనే విప్పాను. దానికున్న ఒక ఆయిల్ మూతిని మూసేసి, నీళ్ల తొట్టిలో ముంచి, రెండో మూతిలోంచి గాలి కొట్టాను. నీళ్లు పారే వైపు నుంచి బుడగలు వరుసగా పైకి వచ్చాయి. చిల్లు కూలర్‌లోనే.

కానీ ఆ కూలర్ జనగామలో దొరకలేదు. బండిని అక్కడే వదిలి తండాకు ఫోన్ చేశాను. ముఠా నడిపే ఆమె అంతా విని, "గిప్పుడు చెప్తె మేమెట్ల పోవాలె బాపూ?" అన్నది. శనివారం ఆమె తిరగని చోటు లేదు, బండి దొరకలేదు. భూపాలపల్లి రైతు వేరే ముఠాను దింపుకున్నాడు. మహబూబాబాద్ తుక్కు దుకాణంలో వెతికి పట్టుకున్న కూలర్ సోమవారం బిగించాను. సోడా నీళ్లతో నాలుగుసార్లు కడిగితే గాని ఆ రొచ్చు వదల్లేదు. ఇప్పుడు మూత తీస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఏం లాభం?

మంగళవారం తండాకు పోయాను. పని లేక అందరూ ఇళ్ల ముందే ఉన్నారు. జరిగింది చెప్పాను. ముఠా నడిపే ఆమె చాటలో బియ్యం చెరగడం ఆపింది.

"పుల్ల గుంజి చూస్తె తెలిసేదేనా?"

"తెలిసేదే."

"మరి ఆయన ఎందుకు చూడలే? అడుగు బాపూ. మా పన్నెండు మంది పని పోయింది, నేను అడగమన్ననని అడుగు."

అడిగాను. నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆమె మాటలనే ఉన్నదున్నట్టు ఫోన్లో నా గొంతుతో రికార్డు చేసి పంపాను. ఎనిమిదో రోజున జవాబు వచ్చింది, వాడి గొంతుతోనే:

"పుల్ల చూసిన తాతా. నువ్వు రైలెక్కినంక చూసిన. ఆయిల్ మంచిగనే ఉండె. గని కూలర్ ఒక్కటి మార్చి ఇస్తె గిదేం పని అంటరు, హెడ్డు విప్పితెనే మెకానిక్ అంటరు. అందరు గట్లనే అంటరు."